గ్యారేజీకి చేతిలైటు: ల్యూమెన్లు తర్వాత, ముందు నీడ ఎక్కడ పడుతుందో చూడు

తమ్ముడూ, నువ్వు రాసిన సంగతి ఇదీ: గుణుపూర్‌లో కొత్తగా షెడ్డు వేశావు. బైకులు, ఆటోలు ఎక్కువ, అప్పుడప్పుడు టాటా ఏస్, ట్రాక్టరు కూడా వస్తాయి. సాయంత్రం ఆరు దాటితే పని సాగక ఫోను టార్చి వెలిగించి పళ్ల మధ్య పట్టుకుని చేస్తున్నావు. ఆన్‌లైన్‌లో "20,000 ల్యూమెన్లు, 9,900 ఎంఏహెచ్" (మొదటిది వెలుగు కొలత, రెండోది బ్యాటరీ కొలత) అని రాసిన లైటు ఒకటి 799 రూపాయలకి కనిపించింది. అది కొననా, లేకపోతే కరెంటు షాపులో దొరికే వైరు లైటుతో సరిపెట్టుకోనా అని అడిగావు. బడ్జెట్టు మూడు వేలు అన్నావు.

నాది రాయగడ, లారీల పని. పార్వతీపురం వైపు నుంచి వచ్చేవి, కాగితం మిల్లుకి వెదురు, కలప దించి ఖాళీగా వెళ్లేవి, లక్ష్మీపూర్ ఘాట్ రోడ్డులో క్లచ్ కాలిపోయి ఆగినవి, ఇవే నా బతుకుతెరువు. పాతికేళ్లు దాటింది. జాలీ పంజరంలో వంద వాట్ల బల్బు నుంచి హాలోజెన్, ట్యూబులైటు, ఇప్పటి ఎల్‌ఈడీ దాకా అన్నీ ఈ చేత్తో పట్టుకున్నవే. అందుకే జవాబు ముందే చెప్పేస్తాను. ఆ 799ది వద్దు. 230 వోల్టుల వైరు లైటు అసలే వద్దు. ఎందుకు వద్దో, మరేది కొనాలో కొంచెం ఓపిగ్గా చదువు.

కొత్తవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎంత వెలుగు" అని. నన్ను అడిగితే మొదటి ప్రశ్న "ఎక్కడ నిలబడుతుంది" అని. నువ్వు బైకు పక్కన కూర్చుని కార్బురేటర్ విప్పుతున్నావనుకో. నీ వెనక గోడకి ఎంత పెద్ద లైటు ఉన్నా నీ తల నీడ, చేతి నీడ సరిగ్గా లోపలి జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మీదే పడుతుంది. అదే ఒక చిన్న లైటు ట్యాంకు కింద ఫ్రేముకి అయస్కాంతంతో అంటుకుని పక్కనుంచి వెలిగిస్తే, దాని వెలుగు పెద్దలైటులో ఇరవయ్యో వంతు ఉన్నా పని అయిపోతుంది. వెలుగు సంగతి దూరంతో ముడిపడి ఉంది. దూరం రెట్టింపైతే పడే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. అర మీటరు దూరంలో 400 లక్స్ ఇచ్చే లైటు మీటరు దూరంలో వంద, రెండు మీటర్ల దూరంలో పాతిక మాత్రమే ఇస్తుంది. అందుకే పెద్ద లైటు దూరంగా పెట్టడం కన్నా చిన్న లైటు దగ్గరగా పెట్టడం ఎప్పుడూ లాభం.

ల్యూమెన్ అంటే లైటు నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు. లక్స్ అంటే పని జరిగే చోట పడే వెలుగు. ఒక చదరపు మీటరు మీద 500 ల్యూమెన్లు సమంగా పరుచుకుంటే అక్కడ 500 లక్స్. డబ్బా మీద మొదటిది రాస్తారు, మనకి కావలసింది రెండోది. ఇంజను దగ్గర చేతిపనికి 300 నుంచి 500 ల్యూమెన్ల లైటు అర మీటరులో ఉంటే దండిగా సరిపోతుంది. అంతకు మించి దగ్గరలో పెడితే క్రోమ్ మీద, నూనె తడి మీద పడి తళతళలాడి కళ్లలో కొడుతుంది. అప్పుడు కంటిపాప ముడుచుకుపోతుంది, పక్కన చీకట్లో ఉన్న నట్టు అసలు కనపడదు. వెలుగు ఎక్కువైనా చూపు తగ్గుతుంది, ఇది అనుభవిస్తే గానీ నమ్మరు.

ఇంకో సంగతి. ఒక్క లైటుకి ఒక్క నీడ, అదీ నల్లగా కత్తితో కోసినట్టు పడుతుంది. రెండు లైట్లు రెండు పక్కల నుంచి పెడితే ఒకదాని నీడని ఇంకొకటి మెత్తబరుస్తుంది. మూడు వేలకి ఒక పెద్ద లైటు కొనే బదులు రెండు చిన్నవి కొనమని నేను చెప్పేది అందుకే. కొనేటప్పుడు పట్టీలాగా పొడుగ్గా, ముందు తెల్లటి మసక కవరు ఉన్నది చూసుకో. వెలిగే భాగం ఎంత వెడల్పుగా ఉంటే నీడ అంత మెత్తగా పడుతుంది. కొసన ఒక చిన్న టార్చి కూడా ఉండే పెన్ను లాంటి రకాలు వస్తున్నాయి. స్పార్కు ప్లగ్గు గొయ్యిలోకి, చాసిస్ సందుల్లోకి తొంగి చూడటానికి అవి చాలా ఉపయోగం.

ఇక నిలబెట్టే పద్ధతి. అయస్కాంతం, కొక్కెం, అటూ ఇటూ తిరిగే మెడ, ఈ మూడూ ఉండాలి. అయస్కాంతం ఒక్కటే ఉంటే బైకు దగ్గర ఇబ్బంది, ఎందుకంటే ఇంజను కేసులు అల్యూమినియం, పై సామానంతా ప్లాస్టిక్కు. అంటుకునేది ఫ్రేముకే, అదీ గుండ్రటి పైపు. కొక్కెం ఉంటే హ్యాండిల్‌కో, క్లచ్ వైరుకో తగిలించుకోవచ్చు. మెడ గట్టిగా బిగుతుగా ఉందో లేదో షాపులోనే చూడు. పది సార్లు వంచు. వంచిన చోట ఆగకుండా జారిపోతే నెల తిరక్కముందే తల వేలాడేస్తుంది. అయస్కాంతాన్ని వేడి సైలెన్సర్ పక్కన అంటించకు. ఈ చిన్న అయస్కాంతాలు మామూలుగా 80 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోతాయి, చల్లారినా పూర్తిగా తిరిగి రాదు. గ్రైండింగ్ చేసే చోట ఇనుప రజను దానికి గడ్డంలా పట్టేస్తుంది. అలాగే తీసుకెళ్లి కస్టమరు ట్యాంకు మీద పెడితే పెయింటు గీసుకుపోయి మాట పడాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి ఒక్కసారి లాగితే ఆ రజనంతా టేపుకి వచ్చేస్తుంది.

ఇప్పుడు వైరు లైటు ఎందుకు వద్దన్నానో చెప్తాను. ఇది చెప్పడం నాకు కష్టమే, అయినా చెప్పాలి.

ఒక శ్రావణ మాసంలో మూడు రోజులు ముసురు పట్టింది. షెడ్డులోకి నీళ్లొచ్చాయి. లారీ కింద నా దగ్గర పనిచేసే కుర్రాడు కమాను కట్టల బోల్టు విప్పుతున్నాడు. చేతిలో జాలీ పంజరం లైటు, 230 వోల్టులు. దాని వైరు మీద ఎప్పుడో జాకీ ఎక్కి లోపలి రాగి బయటపడింది. దానికి టేపు చుట్టింది నేనే. తడికి ఆ టేపు ఊడింది. వాడు అరవలేదు. కాళ్లు కొట్టుకుంటున్న చప్పుడు విని పరుగెత్తి ప్లగ్గు లాగేశాను. బతికాడు. అరచేతిలో చిటికెన వేలు కింద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. వాడిప్పుడు సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా చూపు ముందు ఆ అరచేతి మీదకే పోతుంది.

బోర్డులో ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తాను పడే స్విచ్చు, ఎందుకు పడలేదని ఆ రాత్రంతా ఆలోచించాను. లెక్క వేస్తే తెలిసింది. వంద వాట్ల బల్బు తీసుకునే కరెంటు సుమారు 430 మిల్లీ ఆంపియర్లు. మన ఒంట్లో నుంచి పది పదిహేను మిల్లీ ఆంపియర్లు పోతేనే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేం. బల్బు తీసుకునేదాంట్లో పదో వంతు గుండె మీదుగా పోతే ప్రాణమే పోవచ్చు. ఆరు ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. అది వైర్లు కాలిపోకుండా కాపాడేది, మనిషిని కాపాడేది కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరితూగకపోతే కన్నుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. నువ్వు ఏ లైటు కొన్నా కొనకపోయినా షెడ్డు మెయిన్ బోర్డులో అది పెట్టించు, ఎర్తింగు సరిగ్గా ఉందో చూపించుకో. బోర్డు మీద ఉండే టెస్టు బటన్ నెలకోసారి నొక్కి చూడు. పడకపోతే అది పాడైనట్టే. ఈ ఖర్చు నీ మూడు వేలలో కలపకు, విడిగా పెట్టు.

వైరు లైటుతో రెండో భయం పెట్రోలు. బల్బు గాజు వేడిగా ఉన్నప్పుడు దాని మీద చల్లటి పెట్రోలు చుక్క పడితే గాజు పగులుతుంది. లోపల ఫిలమెంటు రెండు వేల డిగ్రీలకు పైన ఉంటుంది. పెట్రోలు సున్నాకి నలభై డిగ్రీలు కింద ఉన్నా మండే ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీద పాకి గోతిలోకి దిగి కూర్చుంటుంది. ఎల్‌పీజీ ఆటోల గ్యాసు కూడా ఇంతే, కిందికే దిగుతుంది. సీఎన్‌జీ మాత్రం తేలిక, పైకప్పు కిందకి చేరుతుంది.

ఎల్‌ఈడీ కొంటే ఈ భయం పూర్తిగా పోతుందని అనుకోకు. వేడి గాజు ఉండదు, అంతవరకు నిజం. కానీ స్విచ్చు నొక్కినప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ రావచ్చు. కింద పడి బ్యాటరీ ఊడినా రావచ్చు. కాబట్టి ట్యాంకు దించేటప్పుడు, కార్బురేటర్ విప్పేటప్పుడు లైటు దూరంగా ఉండగానే వెలిగించి, వెలుగుతున్నదాన్ని దగ్గరికి తీసుకురా. అక్కడ ఆపకు, అక్కడ ఛార్జింగు పెట్టకు. పెట్రోలు ఒలికితే లైటు జోలికి పోకుండా ముందు తలుపులు తెరువు. ఎప్పుడైనా గొయ్యి తవ్వించుకుని అందులో పెట్రోలు బళ్లు చూడాలనుకుంటే దానికి ఫ్లేమ్‌ప్రూఫ్ అని సర్టిఫికెట్ ఉన్న లైటు వేరే ఉంటుంది. మామూలు రీఛార్జబుల్ లైటు ఎంత ఖరీదైనదైనా ఆ పనికి రాదు.

సరే, నీ 799 లైటు దగ్గరికి వద్దాం. అది అబద్ధమని షాపుకి వెళ్లకుండా, కాగితం మీదే తేల్చేయొచ్చు.

వీటిలో ఎక్కువ భాగానికి 18650 అనే సెల్లు వాడతారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండేదే. మామూలుగా మంచి కంపెనీ సెల్లులో 2,000 నుంచి 3,500 ఎంఏహెచ్ దాకా ఉంటుంది. అంత సైజులో 9,900 పట్టదు, ఎవరూ పట్టించలేరు. అలా రాసిన సెల్లు చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది, అసలు సెల్లు 45 గ్రాముల దగ్గర తూగుతుంది, ఇవి తేలిగ్గా ఉంటాయి. బంగారం కొట్లో వాడే చిన్న త్రాసు మీద పెట్టి చూసినా బండారం బయటపడుతుంది.

ఇప్పుడు 2,600 ఎంఏహెచ్ నిజమైన సెల్లే ఉందనుకుందాం. దాని వోల్టేజి 3.7. రెండూ గుణిస్తే 9.6 వాట్-అవర్లు, పది అనుకో. ఇలాంటి లైట్లలో ఎల్‌ఈడీ ఒక్క వాటుకి సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకో. 20,000 ల్యూమెన్లు కావాలంటే 200 వాట్లు కావాలి. పది వాట్-అవర్ల సెల్లు 200 వాట్లకి మూడు నిమిషాలు వస్తుంది. అదీ సెల్లు, వైర్లు కాలిపోకపోతే. కాబట్టి డబ్బా మీది మాట ఉత్తది. అదే సెల్లుతో 500 ల్యూమెన్లు, అంటే ఐదు వాట్లు తీసుకుంటే రెండు గంటలు. సర్క్యూట్లో పోయేది తీసేస్తే గంటన్నర, గంటా నలభై నిమిషాలు. నమ్మదగిన కంపెనీ లైట్ల మీద చూడు, ఫుల్లు మీద రెండు మూడు గంటలు, సగం మీద నాలుగైదు గంటలు అనే రాస్తారు. చిన్న అంకె రాసినవాడిని నమ్ము. ఏ లైటు చూసినా ఈ ఒక్క లెక్క వేసుకో: ఎంఏహెచ్‌ని వెయ్యితో భాగించు, 3.7తో గుణించు, వచ్చినదాన్ని వాట్లతో భాగించు, ఎన్ని గంటలు వెలుగుతుందో వస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. టార్చి లైట్లకి వాడే ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 కొలత పద్ధతిలో "రన్ టైమ్" అంటే మొదటి వెలుగులో పదో వంతుకి పడిపోయే దాకా పట్టే సమయం. అంటే ఎనిమిది గంటలు అని రాసి ఉన్నా చివరి గంటల్లో అది కొవ్వొత్తి వెలుగే కావచ్చు. పైగా కొన్ని లైట్లు వేడెక్కగానే ఐదు పది నిమిషాల్లో వాటంతట అవే సగానికి తగ్గిపోతాయి. అది లోపం కాదు, ఎల్‌ఈడీ కాలిపోకుండా అలా చేస్తారు. కానీ కొనేముందు పావుగంట వెలిగించి చూస్తేనే ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. షాపువాడు విసుక్కున్నా సరే, టీ తాగొస్తానని చెప్పి వెలుగుతూ వదిలేసి వెళ్లు.

సెల్లు విప్పి మార్చుకోగలిగే లైటు దొరికితే అదే తీసుకో. మన వైపు కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ గుణుపూర్, పర్లాకిమిడి వైపు స్తంభాలు పడిపోయి, వంశధార పొంగి, జనం చీకట్లో ఎన్ని అవస్థలు పడ్డారో. అలాంటప్పుడే నీళ్లలో మునిగిన బళ్లు వరస కడతాయి. స్పేర్ సెల్లు రెండు ఉంటే ఒకటి వెలుగుతుంటే ఇంకోటి బండి బ్యాటరీ నుంచి ఎక్కించుకోవచ్చు. ఛార్జింగు సాకెట్టు యూఎస్‌బీ టైప్-సి ఉంటే ఫోను ఛార్జరే సరిపోతుంది. కాకపోతే చవక లైట్లలో ఒక తిరకాసు ఉంది. సాకెట్టు టైప్-సి లాగే ఉంటుంది గానీ లోపల పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టరు. అప్పుడు రెండు వైపులా టైప్-సి ఉండే కేబులుతో ఎక్కదు. లైటు పాడైందని తిరిగి పంపకు. ఒక వైపు పాత రకం వెడల్పు యూఎస్‌బీ ఉండే కేబులు పెట్టి చూడు, ఎక్కుతుంది.

బండి బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే 12 వోల్టుల లైటు కూడా మంచిదే. రోడ్డు మీద బండి ఆగినప్పుడు అదే ఆదుకుంటుంది. పది వాట్ల లైటు ఆంపియరు కన్నా తక్కువే తీసుకుంటుంది, గంటసేపు వెలిగినా బండి స్టార్టు కాదన్న టెన్షన్ లేదు. కానీ ఒకటి గుర్తుంచుకో: బైకు, ఆటో, ఏస్, ట్రాక్టరు 12 వోల్టులు. పెద్ద లారీలు, బస్సులు 24. ఉత్త 12 వోల్టుల లైటు తీసుకెళ్లి లారీకి తగిలిస్తే పోతుంది. "10–30 వోల్టులు" అని రాసి ఉన్నది కొంటే రెండింటికీ పనికొస్తుంది. ఆ వైరులో బ్యాటరీ దగ్గరే రెండు ఆంపియర్ల ఫ్యూజు ఒకటి వేసుకో.

రంగు విషయం చాలామంది పట్టించుకోరు, నేనూ చాలా ఏళ్లు పట్టించుకోలేదు. ఒక రాత్రి జీపు ఒకటి వచ్చింది, కింద నూనె కారుతోంది. నీలంగా కొట్టే చవక ఎల్‌ఈడీ కింద చూస్తే గోధుమ రంగులో కనిపించింది. ఇంజను ఆయిలు అనుకున్నాను. చాంబరు (ఇంజను కింది ఆయిలు తొట్టి) విప్పి ప్యాకింగు మార్చి బిగించేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లారి ఎండలో చూస్తే అదే చుక్క ఎర్రగా మెరుస్తోంది. కారుతున్నది పవర్ స్టీరింగు ఆయిలు. గొట్టం క్లిప్పు ఒక్కటి బిగిస్తే అయిపోయే పని. కస్టమరు దగ్గర చాంబరు కూలి తీసుకోలేదు.

ఆ తర్వాతే సీఆర్‌ఐ అనే మాట నేర్చుకున్నాను. వస్తువు రంగుని లైటు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది. సూర్యుడి వెలుగుకి వంద. చవక లైట్లకి డెబ్భై, ఒక్కోసారి అంతకన్నా తక్కువ, ముఖ్యంగా ఎరుపులో బాగా తేలిపోతాయి. మనకి కనీసం ఎనభై ఉండాలి, తొంభై ఉంటే సంతోషం. వైరింగు పని చేసేవాడికి ఎరుపు, గోధుమ, నారింజ తేడా తెలియకపోతే ఎంత నష్టమో నువ్వే ఆలోచించు. పెయింటు కలిపేవాళ్లకైతే తొంభై అయిదు పైన కావాలి, అది ఖరీదైన వ్యవహారం, నీకు అక్కర్లేదు. డబ్బా మీద 4,000 నుంచి 5,000 కెల్విన్ (తెలుపు ఛాయ చెప్పే అంకె) అని ఉంటే మరీ పసుపూ మరీ నీలమూ కాని తెలుపు వస్తుంది. 6,500 అంటే నీలం తెలుపు, వెలుగు ఎక్కువ ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది, రాత్రంతా పనిచేస్తే కళ్లు లాగుతాయి. సీఆర్‌ఐ రాయని డబ్బాలే ఎక్కువ. అప్పుడు జేబులో నాలుగు రంగుల వైరు ముక్కలు వేసుకుని వెళ్లు. షాపు లోపల లైటు కింద చూడు, బయట ఎండలో చూడు. తేడా అక్కడే తెలిసిపోతుంది.

నీ పక్కన లేత్ ఉన్నా, షెడ్డులో బెంచి గ్రైండరు ఉన్నా ఈ మాట కూడా విను. మన కరెంటు 50 హెర్ట్జులు, కాబట్టి చవక ఏసీ లైటు సెకనుకి వంద సార్లు ఆరి వెలుగుతుంది. లేత్ చక్, అంటే పని ముక్కని దవడలతో పట్టుకుని తిరిగే భాగం, నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్క చుట్టుకి మూడు సార్లు లైటు వెలుగుతుంది. మూడు దవడల చక్ అప్పుడు ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. ఆగిందనుకుని చెయ్యి పెడితే ఇక అంతే. ఫోను కెమెరా తెరిచి లైటు వైపు చూపించు. తెర మీద నల్లటి పట్టీలు కదులుతుంటే ఆ లైటు తిరిగే యంత్రం దగ్గర వద్దు. బ్యాటరీ లైట్లలోనూ వెలుగు తగ్గించినప్పుడు కొన్ని ఇలా కొట్టుకుంటాయి, ఆ మోడ్‌లో కూడా చూడు.

నీళ్లకీ దుమ్ముకీ ఐపీ అంకె చూస్తారు. మొదటి అంకె దుమ్ము, రెండోది నీరు. షెడ్డు లోపల ఐపీ54 చాలు. వానలో రోడ్డు మీదకి వెళ్లేవాడివైతే ఐపీ65. ఛార్జింగు రంధ్రానికి రబ్బరు మూత గట్టిగా కూర్చోకపోతే ఆ అంకెకి అర్థం లేదు. దెబ్బ తట్టుకోవడానికి ఐకే అని ఇంకో అంకె ఉంటుంది, ఐకే07 ఉంటే చాలు, ఐకే08 అయితే ఇంకా గట్టి. ఏ అంకె లేకపోతే, మూలలకి రబ్బరు ఉందా, నడుం ఎత్తు నుంచి పడితే అద్దం ముందు తగులుతుందా అంచు ముందు తగులుతుందా అన్నది కంటితోనే చూడొచ్చు.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడు. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువుని రోజూ షెడ్డులో ఛార్జింగు పెడతాం కాబట్టి ఈ రెండు నిమిషాల పని దండగ కాదు.

మరి మూడు వేలతో ఏం చేయమంటానంటే: మడత పెట్టే మెడ, అయస్కాంతం, కొక్కెం ఉన్న 400–500 ల్యూమెన్ల పట్టీ లైటు ఒకటి, నువ్వు కాసేపు బేరమాడితే వెయ్యి నుంచి పదిహేను వందల మధ్య వస్తుంది. నీ రోజువారీ పనిలో ముప్పాతిక భాగం దాంతోనే. రెండోది తలకి పెట్టుకునే లైటు, ఐదు వందల నుంచి ఎనిమిది వందల లోపు. వంద గ్రాములు దాటనిది చూడు, లేకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. తల ఎటు తిరిగితే వెలుగు అటు, పైగా కంటి పక్క నుంచే వెలుగు వస్తుంది కాబట్టి నువ్వు చూసే చోట నీడ తక్కువ. పట్టీ లైటు పక్క నుంచి, తల లైటు ముందు నుంచి, ఈ రెండూ కలిస్తే వెయ్యి ల్యూమెన్ల స్టాండు లైటుతో కూడా రాని చూపు వస్తుంది. మిగిలిన డబ్బుతో 10–30 వోల్టుల క్లిప్పు లైటు ఒకటి తెచ్చుకో.

నీ దగ్గర ఇప్పటికే బ్యాటరీ గన్ను, డ్రిల్లు మిషను ఉంటే ఆ కంపెనీ బ్యాటరీకే తగిలే ఉత్త లైటు కూడా దొరుకుతుంది. 18 వోల్టులు, 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 72 వాట్-అవర్లు, చిన్న సెల్లుకి ఏడు రెట్లు. లేకపోతే దాని కోసం కొత్తగా బ్యాటరీ, ఛార్జరు కొనకు, బడ్జెట్టు దాటిపోతుంది. ఏసీ గ్యాసు లీకులు పట్టే వంకాయ రంగు లైటు ఉన్న రకాలు చూపిస్తారు. నువ్వు కారు ఏసీ పని మొదలుపెట్టినప్పుడు చూసుకోవచ్చు.

గుణుపూర్‌లో దొరక్కపోతే పార్వతీపురం గానీ బరంపురం గానీ వెళ్లినప్పుడు ఆటోమొబైల్ స్పేర్లు అమ్మే కొట్లలో అడుగు, కరెంటు కొట్లలో కాదు. చేతిలోకి తీసుకుని, గ్లవ్ వేసుకున్న చేత్తో స్విచ్చు నొక్కి చూడు. గ్రీజు చేతులతో నొక్కలేని స్విచ్చు మనకెందుకు. బిల్లు తీసుకో, వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించుకో.

తెచ్చుకున్నాక దాని ముందు కవరు చూడు, అది ఎక్కువగా పాలీకార్బొనేట్ ప్లాస్టిక్కు. పెట్రోలుతో గానీ థిన్నరుతో గానీ బ్రేక్ క్లీనరుతో గానీ తుడిచావంటే వారంలో సన్నటి పగుళ్లు వచ్చి మసకబారుతుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. మే నెలలో రేకుల షెడ్డులో పైన అటక మీద పెట్టకు, లిథియం సెల్లుకి ఆ వేడి పడదు. పూర్తిగా ఆరిపోయే దాకా వాడి అలాగే నెల్లాళ్లు పడేసినా పాడవుతుంది. సెల్లు ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగు పెట్టకుండా ఇసుక పోసిన డబ్బాలో వేసి బయట పెట్టు. నా షెడ్డులో పానాల బోర్డు పక్కన నడుం ఎత్తులో రెండు మేకులు, వాటి పక్కన ఛార్జరు ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు ఎవరి లైటు వాళ్లు అక్కడ తగిలించి ప్లగ్గు పెట్టాలి. సాయంత్రం చీకటి పడేలోగా తీసేయాలి, రాత్రి షట్టరు దించాక అక్కడ ఏదీ ఛార్జింగులో ఉండకూడదు.